బురుజు మీద వాన

తిరుమలగిరి దగ్గర మా ఊళ్లో బతుకమ్మ ఆడేటప్పుడు పాట ఎత్తుకునేది మా చిన్నమ్మే. ఆమె ఏ మాట పాడితే ఆ మాటే మేమందరం తిరిగి పాడాలి.

రజాకార్లు ఊరి మీద పడ్డ నాడు బురుజు ఎక్కి కాపలా కాసిన వాళ్లలో ఆమె భర్త కూడా ఉన్నాడు. ఒక్కరూ ప్రాణాలతో దిగలేదు. భర్త పోయినవాళ్లు బతుకమ్మ ఆడకూడదనే పట్టింపు ఆ తర్వాత మా ఊళ్లో చెల్లలేదు. ఎందరినని ఆపుతారు?

చిన్నమ్మ పాటలో మాత్రం ఆ పొద్దు వాన కురుస్తుంది. రజాకార్ల తుపాకుల్లో మందు తడిసిపోతుంది. బురుజు మీది మగవాళ్లు దిగివచ్చి, కాళ్లు కడుక్కుని, జొన్నరొట్టె తింటారు. ఊరంతా ఎరిగిన ఆ అబద్ధాన్ని బురుజు మీద మనిషిని పోగొట్టుకున్న ఆడవాళ్లే అందరికంటే గట్టిగా పాడేవాళ్లు.

బడిలో చరిత్ర చదువుకుంటున్న నాకు అది మింగుడుపడక ఒకసారి అడిగాను: "చిన్నమ్మా, గా దినం వాన పడలేదంట గదా?"

"పడలే బిడ్డా. గందుకే పాడుతున్న," అంది, చప్పట్లు ఆపకుండా.

ఒక ఏడు సరిగ్గా ఆ చరణం దగ్గరే నిజంగా వాన దంచికొట్టింది. అందరం బతుకమ్మలు ఎత్తుకుని అరుగుల మీదికి ఉరికాం. చిన్నమ్మ ఒక్కతే తడుస్తూ నిలబడి, పొద్దుపోయి ఇల్లు చేరిన మొగుణ్ణి నిలదీసినట్టు ఆకాశాన్ని అడిగింది:

"గిప్పుడొస్తివా?"