గేటు వైపు వద్దు

దయ్యాల కబుర్లు మొదలైతే లేచి వెళ్ళిపోయే మనిషిని నేను. ఇప్పటికీ అంతే. ఇది కూడా దయ్యం సంగతి కాదు. ఇందులో ఉన్న మనిషి అప్పటికి నిక్షేపంగా బతికే ఉన్నారు.

ఆయన మా అక్క భర్త, డేవిడ్ బావగారు. వాళ్ళదీ మాదీ రాజోలే. ఎక్కడో దూరాన, సముద్రం ఒడ్డున ఉన్న ఒక అణు పరిశోధన రియాక్టరులో ఉద్యోగం. అక్కడ ప్రమాదం వస్తే జనాన్ని బయటికి పంపించే దళానికి ఆయనే పెద్ద.

సెలవులకి వచ్చినప్పుడు ఆయన్ని కూర్చోబెట్టి అడిగేదాన్ని. ఏదైనా తేడా వస్తే సైరన్ మోగుతుందట. అప్పుడు పరిగెత్తకూడదు. ఎత్తున కట్టిన గుడ్డ ఎటు ఎగురుతోందో చూసి, గాలికి అడ్డంగా నడిచి అందరూ ఒకచోట చేరాలి. తలలు లెక్కపెట్టాలి. ఒక్కరు తగ్గినా, ముసుగు తగిలించుకుని వెనక్కి వెళ్ళేది బావగారే.

“నిజంగా ఎప్పుడైనా జరిగిందాండీ?” అని అడిగాను.

“లేదమ్మా. జరక్కూడదనే చూస్తాం. జరుగుతుందన్నట్టే నేర్చుకుంటాం,” అన్నారు.

ఎన్నడూ రాని ఆపద కోసం ఏళ్ళ తరబడి అదే పాఠం, విసుగన్నది లేకుండా. ఆయనంటే నాకు అందుకే అంత గౌరవం.

నేను సఖినేటిపల్లి దగ్గర బడిలో టీచర్ని. డెబ్బైల చివర్లో, ఈస్టరుకి ముందొచ్చే మట్టల ఆదివారం మర్నాడు, బడి పక్కనున్న ఐసు ఫ్యాక్టరీలో అమ్మోనియా గొట్టం పగిలింది. కళ్ళు మండిపోయాయి. ఊపిరాడలేదు. పిల్లలు ఏడుస్తూ గేటు వైపు పరిగెత్తారు. నేనూ అటే వెళ్తున్నాను.

“కరుణమ్మా, గేటు వైపు వద్దు. పొలంలోకి.”

బావగారి గొంతు. చెవి పక్కనే, మైకులోంచి వచ్చినట్టు కొంచెం గరగరగా. తిరిగి చూస్తే ఎవరూ లేరు. ముందుకు చూస్తే తెల్లటి పొగ నేలబారుగా గేటు వైపే పాకుతోంది.

“హెడ్మాస్టరుగారండీ, పిల్లల్ని పొలంలోకి మళ్ళించండి,” అన్నాను.

“ఆయ్, పదండి,” అని ఆయన తడిక పీకేశారు. గాలికి అడ్డంగా వరిచేలో పడి నడిచాం. అవతలి గట్టు మీద పిల్లల్ని లెక్కపెడితే ఒకరు తగ్గారు.

మళ్ళీ అదే గొంతు. “బోరింగు వెనకాల చూడు.”

గట్టు పక్క బోదె కాలవలో పైట తడిపి మొహానికి చుట్టుకుని వెనక్కి బడి వైపు వెళ్ళాను. రెండో తరగతి మేరీ బోరింగు వెనకాల స్పృహ లేకుండా పడి ఉంది. భుజాన వేసుకుని వచ్చేశాను. బతికింది.

ఆ గొంతు హెడ్మాస్టరుగారికి వినపడలేదు. బావగారు ఎప్పుడో చెప్పిన మాటలే భయంలో అలా వినపడ్డాయనుకుని ఊరుకున్నాను.

వేసవిలో అక్కా బావగారూ వచ్చారు. నేనింకా ఏమీ చెప్పలేదు. అన్నాల దగ్గర అక్కే నవ్వుతూ మొదలుపెట్టింది.

“మీ బావగారు పరువు తీసేరే. మట్టల ఆదివారం మర్నాడు డ్రిల్లు పెట్టి, మైకులో హిందీలో చెప్పాల్సింది తెలుగులో చెప్పేరంట.”

“ఏం చెప్పేరండీ?” అన్నాను.

ఆయన సిగ్గుపడ్డారు. “గేటు వైపు వద్దు, పొలంలోకి అన్నానంటమ్మా. మాకక్కడ పొలమెక్కడిది, చుట్టూ రాళ్ళూ సముద్రమూను. బోరింగని కూడా ఏదో అన్నానంట. నాకైతే గుర్తులేదు. పక్కనున్న తెలుగాయన చెప్పేరు.”

నా చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. జరిగిందంతా చెప్పాను. అక్క కళ్ళు తుడుచుకుంది. బావగారు ఒక్కటే అడిగారు.

“ఆ పాప ఊపిరితిత్తులు డాక్టరుకి చూపించేరా?”

మర్నాడు సైకిలేసుకుని వెళ్ళి, ఆ పిల్లని తనే ఆస్పత్రికి తీసుకెళ్ళి చూపించి వచ్చారు.

తర్వాత ఎన్నోసార్లు అడిగాను, అదెలా జరిగిందని. “నాకు తెలీదమ్మా,” అనేవారు. అంత చదువుకున్న మనిషి, తెలియనిదాన్ని తెలియదనడానికి ఏనాడూ నామోషీ పడలేదు. నాకూ తెలియదు.