నాలుగు చారల ఉడుత

సూర్యనారాయణమూర్తి మాస్టారికి అనుమానం. ఫలానా దాని మీద అని కాదు, అన్నిటి మీదా. గోడ గడియారం పది చూపిస్తే చేతి గడియారం చూసుకునేవారు, రెండూ పదే చూపిస్తే రెండూ కూడబలుక్కున్నాయేమోనని బయటికెళ్ళి నీడ చూసేవారు.

ఆయనది ఏటికి అవతల సఖినేటిపల్లి. లెక్కల మాస్టారుగా ఉద్యోగం ఇవతల, నరసాపురం దగ్గర ఒక ఊరి హైస్కూల్లో. రోజూ పొద్దున్నే పంటు ఎక్కి గోదావరి దాటి రావాలి. ఇరవై రెండేళ్ళుగా ఎక్కుతున్న పంటే. అయినా దానిమీద కాలు పెట్టేముందు, తాడు విప్పే పోతురాజుని అడిగి తీరాలి.

"ఇది నరసాపురం వెళ్తుందా?"

"ఆయ్, ఇంకెక్కడికెళ్తుందండి మేష్టారూ? ఉన్నవే రెండొడ్లు."

"అందుకే అడుగుతున్నాను. ఏ ఒడ్డుకి?"

పోతురాజు చాలాకాలం నవ్వి ఊరుకున్నాడు. ఓ శ్రావణంలో ఇంజను ఆగిపోయి పంటు అరమైలు కిందకి కొట్టుకుపోయి ఎవరిదో కొబ్బరితోట దగ్గర తేలింది. జనమంతా దేవుణ్ణి తలుచుకుంటుంటే మాస్టారు ఒక్కరే తృప్తిగా గొడుగు మడుచుకుని దిగారు. "నేను రోజూ అడుగుతూనే ఉన్నాను," అన్నారు. అనుమానపు మనిషికి ఇరవయ్యేళ్ళలో ఒక్కసారి నిజం తోడొచ్చిందంటే చాలు, మిగతా ఇరవయ్యేళ్ళూ చుట్టుపక్కలవాళ్ళు పడాలి.

పడేవాళ్ళలో మొదటి మనిషి రామతులసి గారు. సైన్సు టీచరు. స్టాఫ్ రూములో ఆవిడ కుర్చీ ఆయన కుర్చీ పక్కనే. ఆవిడ డబ్బా మూత తియ్యగానే పక్కనుంచి ప్రశ్న వచ్చేది.

"ఉప్మాయేనా?"

"ఉప్మాయేనండి."

"చూడ్డానికి అలాగే ఉంది," అనేవారు మాస్టారు. ఆ తర్వాత ఆవిడకి కూడా ఒక్క క్షణం సందేహం వచ్చేది. వాసన చూసుకుని గానీ తినలేకపోయేది.

ఇలాంటి మనిషి బతికుండగానే బళ్ళోకి ఫోన్లూ ట్యాబులూ వచ్చాయి. ముందు ఫోను. టీచర్లు రోజూ ఫోనుకి మొహం చూపించి హాజరు వేయించుకోవాలన్నారు. మాస్టారు హెడ్మాస్టరు చంద్రరావు గారి గదిలోకి వెళ్ళి నిలబడ్డారు.

"ఇది నా మొహం తీసుకుని ఏం చేసుకుంటుందండి?"

"మీరొచ్చారని తెలుసుకుంటుందండి."

"నేనొచ్చానని మీకు తెలుసు కదా?"

"తెలుసండి. ఎదురుగా ఉన్నారు."

"అయితే మీరే చెప్పండి దానికి."

చంద్రరావు గారు బతిమాలి, ఫోను ఆయన ముందు పెట్టారు. మాస్టారు దాన్ని ఎంత అనుమానంగా చూశారంటే, కనుబొమలు ముడిపడి, పెదవి వంకరపోయి, అది ఆయన మొహం కాదని ఫోను తిప్పికొట్టింది. "చూశారా," అన్నారు మాస్టారు. "దానికీ నా మీద నమ్మకం లేదు."

తర్వాత ఎనిమిదో తరగతి పిల్లలకి ట్యాబులు వచ్చాయి, పాఠాలన్నీ అందులోనే. ముప్పై ఆరు పెట్టెలు. మర్నాడు మాస్టారు జేబులోంచి బొట్టుబిళ్ళల ప్యాకెట్లు తీసి, ఒక్కో ట్యాబు కెమేరా మీద ఒక్కో ఎర్రబిళ్ళ అంటించారు. అవతలివైపు నుంచి ఎవరూ చూడకుండానట.

"ఇవి ఎక్కడివండి?" అంది రామతులసి.

"మా ఆవిడవి."

"సుందరి గారు ఏమీ అనలేదా?"

"ముప్పై ఆరు బొట్టుబిళ్ళలు ఎవరికి అని అడిగింది. బడిలో పనుంది అన్నాను." ఆయన ఆఖరి బిళ్ళ నొక్కి అంటించారు. "ఇప్పుడు ఆవిడకీ అనుమానమే."

వారం తిరిగేసరికి ట్యాబులకి ముసుగులు కూడా వచ్చాయి. అది లేసు అల్లే ఊరు. టీవీకి, ఫ్రిజ్జుకి, మిక్సీకి, ఆఖరికి గ్యాసు బండకి కూడా లేసు తొడుగు వేసే తల్లులు, కొత్తగా ఇంటికొచ్చిన వస్తువుని బోడిగా వదులుతారా? తెల్లటి లేసు తొడుక్కుని, నుదుట ఎర్రబొట్టు పెట్టుకుని ముప్పై ఆరు ట్యాబులు పెళ్ళికూతుళ్ళలా క్లాసుకొచ్చాయి. మాస్టారు ఒక్కో ముసుగూ ఎత్తి చూశారు. లోపల ట్యాబే ఉందా అని.

ట్యాబు పాఠం చెబుతుంటే ఆయన ఆఖరి బెంచీలో కూర్చుని, అది చేసే ప్రతి లెక్కా కాగితం మీద మళ్ళీ చేసేవారు. సరిపోతే, "ఈసారికి సరిపోయింది," అనేవారు. మధ్యలో ఆపి దాన్నే అడిగేవారు. "ఆ మూడు ఎక్కణ్ణుంచి వచ్చింది?" ట్యాబు మాట్లాడేది కాదు. "విన్నార్రా? అడిగితే చెప్పదు. నన్నడగండి, చెబుతాను," అని బోర్డు దగ్గరికి వచ్చేవారు. ఎటుతిరిగీ పాఠం రెండుసార్లు అయ్యేది. పిల్లలకి రెండోసారి అర్థమయ్యేది.

పరీక్షలు కూడా ట్యాబులోనే. దుర్గాసాయికి పదికి పది వచ్చాయి.

"నీకు పది ఎలా వచ్చాయిరా?"

"చదివానండి."

"అదే నా అనుమానం," అని ఎదురుగా నిలబెట్టి పదీ మళ్ళీ అడిగారు. పదీ చెప్పాడు. ఆ రోజంతా మాస్టారు దిగులుగా ఉన్నారు.

ఇంతవరకూ రామతులసికి నవ్వులాటే. నవ్వు ఆగిపోయింది హేమశ్రీ దగ్గర. మధ్యాహ్న భోజనం వండే మాణిక్యాంబ మనవరాలు హేమశ్రీ. తల్లిదండ్రులు చేపల చెరువుల పనికి భీమవరం వైపు వెళ్తే అమ్మమ్మ దగ్గరే ఉండి చదువుకుంటోంది. రోజూ మధ్యాహ్నం భోజనాలు అయిపోగానే మాస్టారు వచ్చి చెయ్యి చాపేవారు.

"ట్యాబు ఇలా ఇవ్వు. నాకు అనుమానంగా ఉంది."

పిల్ల కిమ్మనకుండా ఇచ్చేసేది. గంటన్నర తర్వాత తిరిగొచ్చేది. పదిహేను రోజులు చూసి రామతులసి అడిగేసింది.

"ఆ పిల్ల మీదే ఎందుకండి?"

"అనుమానానికి కారణం ఉంటే దాన్ని నమ్మకం అంటారు, రామతులసి గారూ."

ఆ సమాధానం విన్నాక ఆవిడకి కొత్త జబ్బు పట్టుకుంది. ఈయన ఆ గంటన్నరా దాంతో ఏం చేస్తున్నారు? సినిమాలు చూస్తున్నారా? పేకాట నేర్చుకున్నారా? ఆ పిల్ల ఒక్కమాటైనా ఎదురు చెప్పదేం? రాత్రి అన్నంలో పెరుగు కలుపుకుంటూ కూడా ఇదే ఆలోచన. తన ఎదుట ఉన్నది పెరుగేనా అని చూసుకున్నప్పుడు ఆవిడకి భయం వేసింది.

ట్యాబుల బాధ్యత ఆవిడదే. ఎవరు ఏ పాఠం ఎన్నిసార్లు చూశారో ఆవిడ కంప్యూటర్లో కనపడుతుంది. అందులో వెతికితే హేమశ్రీ పేరు ఎదురుగా ఉన్నది ఎనిమిదో తరగతి లెక్కలు కాదు. వెనకబడినవాళ్ళ కోసమని ట్యాబులో ఓ మూల పెట్టిన ఒకటో తరగతి తెలుగు. 'ఉ, ఉడుత' పాఠం ముప్పై ఎనిమిదిసార్లు. అన్నీ మధ్యాహ్నం పూటే.

ఆవిడ చూసిన లెక్కే పైవాళ్ళూ చూశారు. పిల్లకిచ్చిన ట్యాబు టీచర్లు కాక వేరేవాళ్ళు వాడితే వెనక్కి తీసుకుంటామని మొదటిరోజే కాగితం మీద సంతకాలు పెట్టించారు. గురువారం నాడు తనిఖీకి అనిల్ కుమార్ అనే కుర్ర అధికారి బైకు మీద దిగాడు. చంద్రరావు గారి గదిలో హేమశ్రీని నిలబెట్టారు. ట్యాబు బల్ల మీద ఉంది, లేసు తొడుగుతో సహా. పరీక్షలు పదిహేను రోజుల్లో.

"ఈ ఉడుత ఎవరమ్మా చూస్తున్నది? ఇంట్లో చిన్నపిల్లలున్నారా?"

హేమశ్రీ నేల చూసింది. "లేరండి."

"మరి నువ్వా?"

అనిల్ కుమార్ తెర మీద ఇంకేదో తీశాడు. వేలితో దిద్దిన అక్షరాలు. వరదలో పడి ఒడ్డుకి కొట్టుకొచ్చిన వానపాముల్లా ఉన్నాయి. "ఎనిమిదో తరగతి పిల్ల రాత కాదిది. ట్యాబు పట్టుకుపోవాలండి, తప్పదు," అన్నాడు చంద్రరావు గారితో.

"అవి నావండి," అని గుమ్మంలోంచి వినిపించింది. సూర్యనారాయణమూర్తి మాస్టారు.

ఆయన రాత జిల్లాలో పేరున్న ముత్యాల్లాంటి రాత. బడి బోర్డు మీద పేరు కూడా ఆయన చేతిదే.

"మీరు ఒకటో తరగతి పాఠం చూశారా మాస్టారూ?" అన్నాడు అనిల్ కుమార్.

"చూశానండి."

"ముప్పై ఎనిమిదిసార్లా?"

"ఉడుతకి వీపు మీద మూడు చారలుండాలి. రాముడు మూడు వేళ్ళతో నిమిరాడు కాబట్టి. ఇందులో ఉడుతకి నాలుగున్నాయి. నా కళ్ళే తప్పేమోనని మళ్ళీ చూశాను. మళ్ళీ నాలుగే. ఎప్పుడో ఒకప్పుడు మూడు కనపడకపోతాయా అని చూస్తూ ఉన్నాను."

అనిల్ కుమార్ నోరు తెరిచి చంద్రరావు గారి వైపు తిరిగాడు. చంద్రరావు గారు నిట్టూర్చారు. "నిజమే అయ్యుంటుందండి. ఈయన సంగతి మీకు తెలీదు," అన్నారు. అటెండరు తలూపాడు. కిటికీ బయట నిలబడ్డ దుర్గాసాయి కూడా తలూపాడు. ఆయన అబద్ధం చెబుతున్నారని ఆ ఊళ్ళో ఎవరికీ అనుమానం రాలేదు.

"మరి ఈ రాత?"

"అదీ నాదే. వేలితో రాస్తే ఆ గాజుపలక నమ్మకంగా పట్టుకుంటుందా లేదా అని పరీక్ష చేశాను."

అధికారి ట్యాబు తెరిచి ఉడుత చారలు లెక్కపెట్టాడు. నాలుగే ఉన్నాయి. ట్యాబు హేమశ్రీ చేతికి ఇచ్చేశాడు. కానీ కాగితం మీద ఏదో ఒకటి రాయాలి కదా. రాశాడు: లెక్కల ఉపాధ్యాయుడు తెలుగు అక్షరాలు దిద్దడంలో వెనకబడి ఉన్నారు, అయిదు రోజుల ప్రాథమిక శిక్షణకు పంపవలెను. రిటైరవడానికి రెండేళ్ళున్న మాస్టారు ఆ కాగితాన్ని పైకీ కిందకీ చదివి, సంతకం పెట్టారు.

శుక్రవారం భోజనాలు అయ్యాక రామతులసి కాపు కాసింది. మాస్టారు ట్యాబు లాక్కున్నారు. వంటగది వెనక్కి వెళ్ళారు. కిటికీలోంచి లోపలికి అందించి, మెట్టు మీద కూర్చుని జవాబు పత్రాలు దిద్దడం మొదలుపెట్టారు. లోపల బియ్యం బస్తాల మధ్య నుంచి నెమ్మదిగా, గరగరలాడుతూ మాణిక్యాంబ గొంతు వినపడింది. "ఉ... ఉడుత."

మాస్టారు తలెత్తి చూశారు.

"నన్ను అనుమానించి వెనకే వచ్చారా?"

"అవునండి."

"మంచిది. అలవాటు చేసుకోండి," అని మెట్టు మీద జరిగి చోటిచ్చారు.

సంగతంతా గుసగుసగానే చెప్పారు. వంట పనిలో చేరినప్పుడు మాణిక్యాంబ అయిదో తరగతి చదివానని చెప్పింది. ఊళ్ళో అదే పేరు. బియ్యం చీటీ చదవమన్న ప్రతిసారీ కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయానంటుంది. "తొమ్మిదేళ్ళు కళ్ళజోడు ఇంట్లోనే ఉందంటే నాకు అనుమానం రాదా?" అన్నారు మాస్టారు. ఇప్పుడు కొత్త ఉత్తర్వు వచ్చింది. వచ్చే నెల మొదటి సోమవారం నుంచి ఆ రోజు వంటేమిటో వండేవాళ్ళే స్వయంగా బోర్డు మీద రాయాలి. రాయలేకపోతే పరువూ, గరిటె కూడా పోతాయి.

"ట్యాబు అడిగి తీసుకోవచ్చు కదండీ? లాక్కోవడం ఎందుకు?"

"అడిగి తీసుకుంటే ఎందుకూ అని అందరూ అడుగుతారు. నేను లాక్కున్నానంటే ఎవరూ అడగరు. మీరు తప్ప."

రామతులసి గొంతు తగ్గించింది. "ఆవిడకి మీరే నేర్పచ్చుగా?"

"చెప్పబోయాను. తప్పు రాసినప్పుడు మనిషి చూస్తే సిగ్గుపడుతోంది. దాని ముందు పడటం లేదు." మాస్టారు కిటికీ వైపు అయిష్టంగా చూశారు. "ఆ గాజుపలక వల్ల అదొక్కటే మంచి. ఇంకేమైనా ఉందేమోనని చూస్తున్నాను."

మరుసటి వారం మాస్టారు శిక్షణకి వెళ్ళారు. సోమవారం భోజనాలు అయ్యాయి. ఎనిమిదో తరగతి గుమ్మంలో రామతులసి నిలబడి, గొంతు సవరించుకుని, ఆయనలాగే కనుబొమలు ముడిచింది.

"హేమశ్రీ, ట్యాబు ఇలా ఇవ్వు. నాకు అనుమానంగా ఉంది."

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "మేడమ్‌కి కూడా అంటుకుందిరా," అన్నాడు దుర్గాసాయి.

శిక్షణ నుంచి తిరిగొచ్చాక ఎలా ఉందని అడిగితే, "అన్ని అక్షరాలూ చెప్పామన్నారు. ఒకటి దాచేశారేమో," అన్నారు మాస్టారు.

ఆ మొదటి సోమవారం రానే వచ్చింది. వంటగది గోడకున్న నల్లబోర్డు మీద సుద్దతో మూడు మాటలు. అన్నం. సాంబారు. గుడ్డు. అక్షరాలు ఒకదాని భుజం మీద ఒకటి పడుతూ, ఎలాగో చివరిదాకా చేరాయి. గరిటె పట్టుకుని మాణిక్యాంబ పక్కన నిలబడి ఉంది. చంద్రరావు గారు చూసి, "బాగుందమ్మా," అని వెళ్ళిపోయారు. ఆవిడ కళ్ళు ఆయన వెంట వెళ్ళలేదు, వరసలో వెనక ఉన్న లెక్కల మాస్టారి మీదే ఉన్నాయి.

ఆయన బోర్డుకి జానెడు దూరంలో ఆగారు. ఒక్కో మాటా చదివారు.

"సాంబారు అని రాశారు."

"ఆయ్."

"అనుమానంగా ఉంది," అని గంగాళం మూత తీశారు. వంగి చూశారు. అరచేతిలో కాస్త పోయించుకుని రుచి చూశారు. రామతులసి ఊపిరి బిగబట్టింది, మాణిక్యాంబ గరిటె బిగబట్టింది.

"రాసింది రాసినట్టే ఉందండి, మాణిక్యాంబ గారూ," అన్నారు మాస్టారు. చెయ్యి కడుక్కుని, కంచం చాపుతూ మళ్ళీ ఆలోచించారు. "పులుపు కొంచెం తగ్గింది. అయితే ఆ మాట మీరు బోర్డు మీద రాయలేదు కాబట్టి తప్పులోకి రాదు."

"రేపట్నుంచి అదీ రాస్తాలెండి మేష్టారూ," అంది మాణిక్యాంబ, ఆయన కంచంలో రెండో గరిటె పోస్తూ. "మీకు ఏ అనుమానమూ లేకుండా తిందురు గాని."