పూజ కోసం తెరిచిన తూము

ఆ యాసంగి (రబీ) పంటకాలం మొదట్లో నన్ను మిర్యాలగూడ ప్రాంతంలోని ఒక కాలువ సబ్‌డివిజన్‌కు డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా వేశారు. అప్పటికి తెలంగాణ వచ్చిన కొత్త. అక్కడ నీళ్లు వంతులవారీగా ఇస్తారు. పై పొలాలు తడిశాక వాటి తూము మూసేస్తేనే త్రిపురారం వైపు చివరి భూములకు నీరు చేరుతుంది.

అప్పటి మంత్రిగారు కోదాడ దగ్గర సర్పంచ్‌గా మొదలై మంత్రిదాకా ఎదిగిన మనిషి. ఆయన ఆ పై పొలాల కాలువలో గంగమ్మకు పూజ చేసి, పసుపు కుంకుమ, చీర వదలాలని పార్టీవాళ్లు ముహూర్తం పెట్టారు. ఎండిన కాలువలో చీర వదల్లేరు కదా! మూయాల్సిన తూమును తెరిచే ఉంచమని మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు ఫోన్ చేశారు. ఆ మాట రాసివ్వమన్నాను. "పొద్దుగాల వచ్చి పోతరయ్యా, దానికి కాగితమెందుకు?" అన్నారు.

మంత్రిగారు రాలేదు. ఢిల్లీలో ఉన్నారన్నారు. రేపన్నారు, ఎల్లుండన్నారు. పై పొలాలు నిండి నీళ్లు వాగు పాలవుతుంటే, కింద వరి పొట్ట దశలో ఎండుతోంది.

త్రిపురారం నుంచి లచ్చమ్మ అనే కౌలు రైతు ఎండిన వరి దుబ్బు పట్టుకుని ఆఫీసుకు వచ్చింది. "సారూ, ఆయనొచ్చి పూలేస్తెనే నీళ్లు పారుతయా? నా పొలం ఖతమైతుంది. జర ఆ తూము మూయుండ్రి" అంది.

నాకు ఒళ్లు మండింది. నేనే వెళ్లి తూము మూయించాను. పొద్దు గూకకముందే పార్టీవాళ్లు తెరిపించారు. మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు వాళ్లను వదిలేసి నాకు చీవాట్లు పెట్టారు.

చివరికి టీవీలో వార్త వచ్చింది. మంత్రిగారిని విదేశానికి రాయబారిగా వేశారట. ఢిల్లీలో ఇన్నాళ్లూ ఆయన తిరిగింది ఆ పదవి కోసమే. పూజ రద్దయిందని మాకు చెప్పిన నాథుడు లేడు. మేం తూము మూసేసరికి లచ్చమ్మ తన వరిని పశువుల మేతకు కోసేసింది.

నేను రిటైరయ్యాక సూర్యాపేటలో ఆ మాజీ మంత్రిగారికి సన్మానం చేస్తే నేనూ వెళ్లాను. రాయబారిగా ఉన్నప్పుడు రెండు దేశాలను ఒప్పించి ఒకే నదిని పంచిన ఘనత తనదని, చివరి రైతుకు నీరందడమే తన సిద్ధాంతమని ఆయన అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. మనిషికి కాస్తయినా సిగ్గుండాలి! నేను లేచి వచ్చేశాను.

ఆ యాసంగి నాకు నేర్పింది ఇదే. నోటిమాటతో తెరిచిన తూముకు సంతకం ఉండదు. అందుకే ఎండిన చేనుకు జవాబు చెప్పేవాడూ ఉండడు. లచ్చమ్మకు ఈనాటికీ ఎవరూ జవాబు చెప్పలేదు.