గోవిందమ్మ కాళ్లెత్తి పడుకున్న ముచ్చట

తాండూరులో నాపరాయి కాంట్రాక్టరు బాల్‌రాజ్ ఇంట్లో పొయ్యి ఆరిన పూటంటూ ఉండేది కాదు. గనుల మేస్త్రీలు, లారీ డ్రైవర్లు, గుల్బర్గా వైపు నుంచి వచ్చే బేరగాళ్లు, ఎవరొచ్చినా తిని వెళ్లాల్సిందే. ఆ పేరంతా బాల్‌రాజ్‌ది. వండేది ఆయన భార్య గోవిందమ్మ.

పోలీస్ యాక్షన్ అయిన ఏడు ఆమె ఆ ఇంటికి కోడలిగా వచ్చింది. వరసగా కాన్పులయ్యాయి. రెండో కాన్పుకే పిక్కల మీద నరాలు మెలికలు తిరిగి ఉబ్బితే, చీర కుచ్చిళ్లు జర కిందికి దించుకుని కప్పేసుకుంది. ఆ తర్వాత బాల్‌రాజ్ హైదరాబాదులో ఎవరి బంగళాలోనో నిలబడి వండే గట్టు చూసొచ్చాడు. వెంటనే మట్టిపొయ్యి తీయించి, అద్దంలా మెరిసే నాపరాతి గట్టు కట్టించాడు. ఇంటికొచ్చిన ప్రతివాడినీ లోపలికి తీసుకెళ్లి దాన్ని చూపించేవాడు. దాని ముందు పొద్దంతా నిలబడే మనిషి కూడా కనబడుతుందని ఆయనకు తట్టలేదు.

ఒక ఎండాకాలం ఆమె కుడి చీలమండ పైన, లోపలి వైపు, చర్మం నల్లబడి దురద పెట్టింది. గోకితే చిన్న పుండు పడింది. అది పెరిగి పెరిగి అరచేతిలో సగమంత అయింది. రసి కారడమే తప్ప మానడం లేదు.

అక్కణ్ణుంచి ఆ ఇంట్లో వైద్యులకు కరువు లేదు.

“ఏపాకు, పసుపు నూరి కట్టు. మా అవ్వకు గట్లనే మానింది,” అంది అత్త నాగవ్వ. ఆ అవ్వకు పుండు కాలికైందో, వీపుకైందో అడిగితే మాత్రం ఆమెకు కోపం వచ్చేది.

మరిది జంగప్ప బజారులో హకీం దగ్గర నల్లటి మలాం తెచ్చాడు. “దీనికి ఒంటె పుండు గూడ మానతదంట, వదినా.”

“తాండూర్ల ఒంటెలు ఎన్నున్నయి, జంగప్పా?” అని అడిగి గోవిందమ్మ కాలు చాచింది.

బాల్‌రాజ్‌కు ఇవన్నీ నాటు పనుల్లా కనిపించాయి. ఆయన నమ్మకమంతా సూది మీద. పెన్సిలిన్ అన్న మాట ఆయన పలికే తీరు వింటే, ఆ మందును కనిపెట్టింది తనేనేమో అనిపించేది. కాంపౌండరును ఇంటికే పిలిపించి పొడిపించాడు. గోవిందమ్మకు కాలితో పాటు నడుము కూడా నొప్పెట్టింది.

సాయంత్రమైతే ముగ్గురూ వసారాలో చేరి ఎవరి వైద్యం గొప్పదో వాదించుకునేవారు. వాదన వేడెక్కితే చాయ్ అడిగేవారు. గోవిందమ్మ కుంటుతూ తెచ్చిచ్చేది. ఇంతలో ఎవరో ఇది కుష్టేమోనని గొణిగారు. నాగవ్వ అదే రోజు కోడలి గ్లాసు, పళ్లెం వేరు చేసింది. ఆమె చేతి వంట మాత్రం ఎవరూ వేరు చేయలేదు.

ఆ పళ్లెం చూశాక గోవిందమ్మ మొగుడితో అంది: “నేను వికారాబాద్ దవఖానకు పోత. నువ్వొస్తే రా, లేకుంటే ఒక్కదాన్నే పోత.”

ఇద్దరూ పొద్దుటి ప్యాసింజరు ఎక్కారు. దవఖానలో డాక్టరమ్మ గుంటూరు వైపు మనిషి. కాలంతా తడిమింది, సూదిమొనతో గుచ్చి స్పర్శ చూసింది, పాదం మీద వేళ్లానించి నాడి పట్టుకుంది.

“ఇది కుష్టు కాదమ్మా. కాళ్ల నుంచి పైకి పోవాల్సిన రక్తం ఈ ఉబ్బిన నరాల్లో కిందే నిలిచిపోతోంది. అందుకే పుండు మానట్లేదు. పైన ఎన్ని పూసినా, ఎన్ని సూదులు పొడిచినా లాభం లేదు.”

పుండు కడిగి, జింకు పూసిన గుడ్డ చుట్టి, దాని మీద వేళ్ల మొదలు నుంచి మోకాలి దాకా సాగే పట్టీ బిగించి కట్టింది. వారం వారం వచ్చి మార్పించుకోమంది. పగలు కూడా వీలైనంతసేపు కాళ్లు గుండె కంటే ఎత్తులో పెట్టి పడుకోమంది. పడుకోనప్పుడు నడవమంది, ఒక్కచోట నిలబడొద్దంది.

“గంతేనా?” అన్నాడు బాల్‌రాజ్. గుడ్డ కట్టడానికి ఇంతదూరం రైలెక్కి వచ్చామా అని ఆయన ముఖం చిన్నబోయింది.

ఇంటికొచ్చి గోవిందమ్మ మంచం మీద రెండు బొంతలు మడిచి, వాటి మీద కాళ్లు పెట్టుకుంది. ఇంట్లో పిడుగు పడ్డట్టయింది.

“కాళ్లు మన్ను దిక్కు పెట్టాలె గని పైకప్పు మొగురం దిక్కు పెడుతరా?” అంది నాగవ్వ. జంగప్ప ఆకలంటూ తలుపు దగ్గరికి మూడుసార్లొచ్చాడు. బాల్‌రాజ్ ఎప్పట్లాగే నలుగురు బేరగాళ్లను భోజనానికి తీసుకొచ్చాడు. గోవిందమ్మ లేచింది.

మళ్లీ దవఖానకు పోయేసరికి పట్టీ తడిసి వాసన కొడుతోంది.

“పడుకుంటున్నావా?” అని అడిగింది డాక్టరమ్మ.

“పండుకుంటున్నదమ్మా,” అన్నాడు బాల్‌రాజ్.

“ఎప్పుడు?”

ఆయన ఆలోచించాడు. “రాత్రి.”

“రాత్రి అందరూ పడుకుంటారండీ.”

బాల్‌రాజ్ ఇంతకంటే పెద్ద వైద్యం లేదా అని అడిగాడు. ఉందందామె. హైదరాబాదులో ఆపరేషన్ చేసి ఆ నరాలు కట్టేస్తారు. పుండు మరీ పెద్దదైతే తొడ మీది చర్మం తీసి అతికిస్తారు. ఏది చేసినా పట్టీ తప్పదు, కాళ్లెత్తి పడుకోవడమూ తప్పదు.

బాల్‌రాజ్ అన్నిటినీ ఒకే కొలతతో కొలిచాడు. “ఏది జేస్తె జల్ది లేసి వంట జేస్తది?”

డాక్టరమ్మ గోవిందమ్మ వైపు తిరిగింది.

“నన్ను ఈడ్నే ఉంచుకోండి డాక్టరమ్మా,” అంది గోవిందమ్మ. “ఇంట్ల నాకు పండుకునే జాగ లేదు.”

ఆమెను దవఖానలోనే చేర్చుకుని, మంచానికి కాళ్లవైపు ఇటుకలు పెట్టి ఎత్తుచేశారు. పెళ్లయ్యాక పట్టపగలు పడుకోవడం ఆమెకదే మొదలు. మొదట్లో దొంగతనం చేస్తున్నట్టు ఉలిక్కిపడి లేవబోయేది. పక్కమంచం మీది నవాబుపేట రాహేలమ్మ నవ్వింది. “పండుకో అక్కా. ఇక్కడికి నీ అత్త రాదు.”

అత్త రాలేదు గానీ మొగుడొచ్చాడు, మొహం పీక్కుపోయి. పప్పులో చింతపండు ముందెయ్యాలా, ఉడికినంక వెయ్యాలా అని అడిగాడు. “నిలబడి నిలబడి కాళ్లు గుంజుతున్నయే,” అని కూడా అన్నాడు. గోవిందమ్మకు నవ్వొచ్చింది, కడుపు మండింది కూడా. “ఉడికినంక వెయ్యి,” అని మాత్రం చెప్పింది.

రోజులు గడిచేకొద్దీ పుండు అంచుల నుంచి పలచటి కొత్త చర్మం పాకి, వానలు పడేనాటికి పూర్తిగా మూసుకుంది. తాండూరులో సంబరం చేశారు. వేపాకు ఆలస్యంగా పట్టిందని నాగవ్వ, మలాం గుణం లోపల్లోపల పనిచేసిందని జంగప్ప, సూదులు ఊరికే పోతాయా అని బాల్‌రాజ్. పట్టీ పేరు ఎవరూ ఎత్తలేదు.

గోవిందమ్మ మాత్రం పొద్దున మంచం దిగకముందే పట్టీ చుట్టుకునేది. మధ్యాహ్నం కాళ్లెత్తి పడుకునేది. ఆ వేళకు వచ్చిన బేరగాళ్లను బాల్‌రాజ్ హోటలుకు తీసుకెళ్లడం నేర్చుకున్నాడు.

కొన్నేళ్లకు జంగప్ప పెళ్లి పనుల్లో పట్టీ కట్టడం మానేస్తే పుండు మళ్లీ విచ్చుకుంది. వసారాలో అందరూ కూర్చుని మళ్లీ వైద్యాల వాదన మొదలుపెట్టబోయారు. ఆమె రెండు చీరలు సంచిలో పెట్టుకుని స్టేషనుకు బయలుదేరింది.

“ఎన్ని దినాలుంటవు?” అని అడిగాడు బాల్‌రాజ్.

“మానేదాక,” అంది గోవిందమ్మ, వెనక్కి తిరిగి చూడకుండా.