అడక్కుండా కోసేవాడు

ఆయన్ని ఒకప్పుడు అందరూ నిదానం అని పిలిచేవాళ్ళు. ఇప్పుడు తొందర అంటున్నారు. మనిషి అదే, గొడ్డలి అదే, పేరు మాత్రం తిరగబడింది. తిరగేసినవాడు పరాయివాడు కూడా కాదు, సాక్షాత్తూ భార్యకు తమ్ముడు. ఎవరేమన్నా సరే, నేను నిదానం అనే అంటాను.

నిదానం చెట్లు కొట్టేవాడు. ఆ పనిలో ఒళ్ళు చెక్కుచెదరకుండా తల నెరిసినవాడు కనపడితే, వాడు నీడన పడుకుని కూలి పుచ్చుకున్నవాడని లెక్క. నిదానం ఒంటిమీద ప్రతి మచ్చకీ వెనక ఒక చెట్టుంది. కనుబొమ మీది గీత, ఎండు మొద్దు చీలుస్తుంటే పేడు ఎగిరి కొట్టింది. రవ్వంత కిందికి తగిలితే కన్నే పోయేది. మోకాటి పక్కన సొట్ట, తడిచెట్టులో ఇరుక్కున్న రంపాన్ని లాగితే అది ఒక్కసారిగా ఊడొచ్చి చేసిన పని. బొటనవేలి గోరు నల్లబడి పక్కకి పెరగడం సొంత గొడ్డలి పుణ్యమే. ఒకసారి కొమ్మ మీద కూర్చుని కోస్తుంటే పైనుంచి ఇంకో ఎండుకొమ్మ విరిగి, చెవి పక్కనుంచి దూసుకుపోయి, కింద ఆయన చెప్పుల మీద పడింది. చెప్పులు నుజ్జయ్యాయి. ఆ పూటంతా ఆయన వాటిని చేత్తో పట్టుకుని, కనపడిన ప్రతివాడికీ చూపించి నవ్వాడు.

గొడ్డలి తల ఊడిన సంగతి మాత్రం కట్టెల అడితిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. కామ, అంటే గొడ్డలి కర్ర, ఎండి వదులైంది, ఆయన చూసుకోలేదు. ఎత్తి వేసేసరికి తల గాల్లోకి లేచి, అడితి యజమాని కూర్చున్న కుర్చీ కాలికి తగిలింది. యజమాని చేతిలో టీ గ్లాసుతో సహా వెల్లకిలా పడ్డాడు. పడినవాడు తిట్టలేదు, ఏడవలేదు, కాళ్ళు రెండూ ఉన్నాయో లేదో తడిమి చూసుకున్నాడు. ఆనాటినుంచి నిదానం పొద్దున లేవగానే ముందు గొడ్డలిని నీళ్ళ బకెట్లో నానేస్తాడు, ఆ తర్వాతే మొహం కడుక్కుంటాడు. కామ నానితే తల బిగుస్తుంది.

అయితే ఆయనకి నిదానం అని పేరు తెచ్చింది గొడ్డలి కాదు, ఒక మాట. చెట్టు కొట్టేటప్పుడు ఒకడు మొదట్లో కోస్తాడు, ఇంకొకడు దూరంగా మోకు పట్టుకుంటాడు. మోకంటే చెట్టు పైభాగానికి కట్టిన లావుపాటి తాడు. చెట్టు ఎటు పడాలో ఆ మోకు లాగుతుంది. చివరి కోత వేసేముందు కోసేవాడు "ఉన్నావా?" అని అడగాలి. మోకువాడు కాళ్ళు నిలదొక్కుకుని, బిగించి పట్టుకుని "ఉన్నా" అనాలి. అది వినపడేదాకా రంపం కదలకూడదు. మిగతావాళ్ళు అడిగీ అడగనట్టు అడిగి కోసేస్తారు. నిదానం అలా కాదు. బదులు వచ్చాక కూడా ఒక ఊపిరి తీసి, మళ్ళీ ఒకసారి అడిగేవాడు. "ఈయన అడిగేలోగా చెట్టే విసుగెత్తి పడిపోతుంది" అని తోటివాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు.

మోకు పట్టేది బావమరిది. వేరే ఏ పనిలోనూ కుదురు లేకపోతే, భార్య బతిమాలితే నిదానమే వెంట తిప్పుకుని పని నేర్పాడు. వాడు మాటకారి, నవ్వుమొహం, ఎవరినైనా ఇట్టే బుట్టలో వేసుకుంటాడు. కాకపోతే నిలబెట్టిన చోట నిలబడడు.

ఆ రోజు ఒక అచ్చాఫీసు వెనక పెరట్లో చెట్టు. లోపల యంత్రాల మోత. పెరట్లో వీళ్ళిద్దరే. నిదానం అడిగాడు. "ఉన్నా బావా!" అని వినపడింది. మళ్ళీ అడిగాడు. "ఉన్నానంటే!" అని మళ్ళీ వినపడింది. గొంతు రావాల్సిన చోటునుంచి కాక గేటు వైపునుంచి వచ్చినట్టు ఆయనకి తోచడమూ, రంపం కదలడమూ ఒకేసారి అయ్యాయి. మోకుని గేటు ఊచకి ముడేసి, బావమరిది వీధిలో ఎవరితోనో కబుర్లు చెబుతున్నాడు. ముడి జారింది. చెట్టు మొదలు మీదనే గిర్రున తిరిగి, వెనక్కి తన్ని, ఆయన ఎడమకాలి మీద కూర్చుంది.

ఆసుపత్రిలో కళ్ళు తెరిచేసరికి కాలు సగం పోయిన లెక్కలో ఉంది, మాటకున్న విలువ పూర్తిగా పోయింది. బావమరిది అప్పటికే అక్క చేతులు పట్టుకుని వలవల ఏడ్చేశాడు.

"అడగలేదక్కా. ఏం తొందరొచ్చిందో, అడక్కుండా కోసేశాడు. అడిగుంటే నేను వదులుతానా?"

నిదానం తల అడ్డంగా ఊపాడు. "అడిగాను. రెండుసార్లు అడిగాను."

భార్య ఆయన నుదుటి మీద చెయ్యి వేసి, "సరేలే, ఇప్పుడు దాని సంగతెందుకు, పడుకో" అంది. ఆ సరేలే అన్న మాట కాలు విరిగినదానికన్నా ఎక్కువ నొప్పి పెట్టింది. ఆమె నమ్మలేదు. తను ఎత్తుకు పెంచిన తమ్ముడు అబద్ధమాడతాడని ఆమెకి ఊహకైనా రాలేదు.

ఇక అక్కణ్ణుంచి చూడండి. అడక్కుండా కోసేవాడి పక్కన మోకు పట్టడానికి ఎవడొస్తాడు? ఒక్కడూ రాలేదు. నిదానం పోయి తొందర వచ్చింది. చెట్లమీద తిరిగిన మనిషి అడితిలో ఎత్తుపీట మీద కుంటికాలు చాపుకుని కట్టెలు చీల్చుకునే స్థితికి వచ్చాడు. బావమరిది మాత్రం మిషను రంపాలు కొన్నాడు, మనుషుల్ని పెట్టుకున్నాడు, మేస్త్రీ అనిపించుకున్నాడు, డాబా ఇల్లు కట్టాడు. కొత్తగా చేరినవాళ్ళకి జాగ్రత్తలు చెప్పేటప్పుడు, "మా బావనే చూడండి, అడక్కుండా కోశాడు, ఏమైంది?" అని ఉదాహరణ చెప్పేవాడు. ఆ సంగతి తెలిసిన రోజు నిదానం చీల్చిన కట్టెలు పొయ్యిలోకి కాదు, పళ్ళు కుట్టుకోవడానికి పనికొచ్చేంత సన్నగా ఉన్నాయని అడితి యజమాని చెప్పాడు.

ఇంట్లోనూ అదే పోటు. పాలు పొంగినా, గ్లాసు జారినా, "నీకన్నిటికీ తొందరే. ఆ రోజు ఒక్క మాట అడిగుంటే ఏం పోయేది?" అనేది భార్య. ప్రేమగానే అనేది, అదే ఇంకా మంట. ఆయన మొదట్లో వాదించాడు, తర్వాత అరిచాడు, చివరికి నోరు కట్టేసుకున్నాడు. కోపాన్ని మాత్రం గొడ్డలిలాగే రోజూ నానబెట్టుకుంటూ వచ్చాడు, వదులు కాకుండా.

అలా ఉండగా ఒక గాలివాన వచ్చింది. ఊళ్ళో సగం చెట్లు రోడ్లమీద పడ్డాయి. మేస్త్రీ మనుషులంతా వాటి మీదనే ఉన్నారు. ఇక్కడ మేస్త్రీ పెరట్లోని పెద్ద చెట్టు వేళ్ళు పైకి లేచి, మొదలు దగ్గర చీలిక ఇచ్చి, కొత్త డాబా మీదికి వంగింది. వచ్చి చూసినవాళ్ళు చూసినట్టే వెళ్ళిపోయారు. దాన్ని ముట్టుకుంటే ఇంటి మీదే పడుతుందన్నారు. ముట్టుకోకపోయినా పడుతుందన్నారు.

మేస్త్రీ చెప్పులు బయట విడిచి, తల వంచుకుని అక్క ఇంటికి వచ్చాడు. "బావా, నువ్వే దిక్కు. నిన్ను మించినవాడు లేడు" అన్నాడు.

"అడక్కుండా కోసేవాణ్ణి రా. నేనెందుకు?"

"అయ్యో, అవన్నీ ఇప్పుడెందుకు బావా?"

భార్య కూడా ఆయన వైపు దీనంగా చూసింది. "వాడి ఇల్లయ్యా. నా కోసం."

నిదానం గొడ్డలి ఉన్న బకెట్ వైపు చూశాడు. ఆయన కళ్ళల్లో అప్పుడు వెలిగినది జాలి అని భార్య అనుకుంది. "వస్తాను. రెండు మాటలు. మిషను రంపం వద్దు, ఆ మోతలో మనిషి గొంతు వినపడదు. మోకు నువ్వే పట్టుకోవాలి. ఇంకెవడూ వద్దు."

మేస్త్రీ నీళ్ళు నమిలాడు. అయినా ఒప్పుకున్నాడు. ఇల్లు కదా.

పొద్దున్నే వీధి వీధంతా డాబాలెక్కింది. నిదానం ముందు ఇంట్లో ప్రాణి అన్నది లేకుండా ఖాళీ చేయించాడు, పిల్లితో సహా. చెట్టు నడినెత్తిన మోకు కట్టించి, ఎదురుగా ఖాళీ స్థలంలోని పాత మొద్దుకి కప్పీ బిగించి, మోకు కొసని బావమరిది చేతుల్లో పెట్టాడు. చేతికి గుడ్డ చుట్టుకుంటానంటే వద్దన్నాడు. "గుడ్డ ఉంటే బిగి తెలియదురా. నీకు నేర్పానుగా." భార్య వీధివైపు గోడ పక్కన, ఇద్దరూ కనపడేచోట నిలబడింది. అక్కడ నిలబెట్టింది కూడా ఆయనే.

ఖాళీ స్థలం వైపు గొడ్డలితో లోతుగా గాటు పెట్టాడు. తర్వాత కుంటికాలు పక్కకి చాపి, ఇంటివైపు కూర్చుని రంపం అందుకున్నాడు. తొందరపడలేదు. పొట్టు తెల్లగా ఆయన ఒళ్ళో రాలుతోంది. చెట్టు మెల్లగా మూలగడం మొదలుపెట్టింది. మోకు బిర్రబిగిసింది. ఇప్పుడు వదిలితే చెట్టు సరాసరి డాబా మీదికి పోతుందని మోకు పట్టుకున్నవాడికి బాగా తెలుసు.

చివరి కోత దగ్గరకొచ్చింది. మేస్త్రీ కాళ్ళు నిలదొక్కుకుని పిలుపు కోసం చూస్తున్నాడు. పిలుపు రాలేదు. రంపం ఆగలేదు.

"బావా! అడగవేం?"

నిదానం తలెత్తలేదు. "నేను అడక్కుండా కోసేవాణ్ణి కదరా. ఊరంతటికీ నువ్వే చెప్పావుగా."

"పరాచికాలా బావా ఇప్పుడు! ఎప్పుడు తెగుతుందో తెలియకపోతే ఎలా లాగను?"

"ఏమో. ఆ రోజు ఎలా లాగావో అలాగే లాగు."

రంపం ఇటు ఒకసారి, అటు ఒకసారి. చెట్టు లోపల ఏదో టప్పున తెగింది. మోకు మేస్త్రీ అరచేతుల్లో జారి, తోలు లేపింది. డాబాల మీద జనం కేకలు ఆపేశారు. అంతటి నిశ్శబ్దంలో పొట్టు రాలడం కూడా వినపడుతున్నట్టుంది.

"అడుగు బావా! నీ కాళ్ళు పట్టుకుంటా, అడుగు! నువ్వు అడక్కుండా ఏనాడు కోశావు?" మేస్త్రీ గొంతు చీలిపోయింది. "ఆ రోజు కూడా అడిగావు కదా! రెండుసార్లు అడిగావు! గేటు దగ్గరుండి ఉన్నానన్నది నేనే కదా!"

రంపం ఆగింది.

నిదానం ఈసారి తలెత్తాడు. బావమరిది వైపు కాదు, గోడ పక్కన నిలబడ్డ మనిషి వైపు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తమ్ముణ్ణి చూస్తోంది. ఆయన ఆ చూపుని తనివితీరా చూసుకున్నాడు. ఇన్నేళ్ళూ కలల్లో కూడా ఇంత తియ్యగా రాలేదు అది.

"ఉన్నావా?" అని అరిచాడు.

"ఉన్నా!"

ఒక ఊపిరి తీశాడు. మళ్ళీ అడిగాడు. "ఉన్నావా?"

"ఉన్నా బావా, ఉన్నా!" అని మేస్త్రీ ఏడ్చాడు.

చివరి కోత పడింది. చెట్టు ఒక్క క్షణం అటా ఇటా అని చూసి, ఖాళీ స్థలంలోకి ఒరిగి, నేల అదిరేలా పడింది. డాబా అంచున ఉన్న పూలకుండీ ఒకటి కొమ్మ తగిలి పగిలింది, అంతే నష్టం. జనం చప్పట్లు కొట్టారు. ఎవరో "నిదానం!" అని పాత పేరుతో కేకేశారు. ఆయన వినపడనట్టే రంపం తుడుచుకున్నాడు. మేస్త్రీ నెత్తురు కారే అరచేతులు చాపి "అక్కా" అన్నాడు. ఆమె వాణ్ణి దాటుకుని వచ్చి, భర్త చంకకర్ర అందుకుని ఆయన చేతికిచ్చింది.

ఇద్దరూ ఇంటిదారి పట్టారు. పనిముట్ల సంచీ ఆమె భుజాన ఉంది. సగం దారిలో ఆమే అడిగింది. "వాడు ఒప్పుకోకపోతే, నిజంగా ఇంటిమీద పడేసేవాడివా?"

"పడేసేవాణ్ణే."

అది బింకం కాదని ఆమెకి తెలిసింది. పొట్టు రాలడం ఆమె కళ్ళారా చూసింది.

ఇంకొంత దూరం నడిచారు. "అడిగానని ఆసుపత్రిలోనే చెప్పావు" అంది. "నా మీద కూడా ఉందా ఆ కోపం?"

"ఉంది."

"వాడి మీదున్నంతా?"

"వాడి మీద కాస్త తక్కువ."

ఆమె సంచీ ఎగదోసుకుని ముందుకి నడిచింది. కళ్ళు తుడుచుకోవడానికేమో, అడుగులు గబగబా వేసింది. వీధి మలుపు దగ్గర, వెనక కర్ర చప్పుడు వినపడక ఆగింది. వెనక్కి తిరిగే ధైర్యం చాలలేదు.

"ఉన్నావా?" అని అడిగింది.

ఆయన ఆమె వెనకే ఉన్నాడు, చెయ్యి చాస్తే అందేంత దగ్గరలో. అయినా వెంటనే బదులివ్వలేదు. ఆమెని కాసేపు అలాగే నిలబెట్టాడు. ఆ తర్వాతే "ఉన్నా" అన్నాడు.