కౌంటరు కింది అర

నాంపల్లిలోని మా కాలేజీ లైబ్రరీలో ఏమేం సేవలున్నాయో గోడమీద బోర్డు పెట్టారు. బుక్ బ్యాంకు, పాత ప్రశ్నపత్రాలు, జిరాక్సు, కంప్యూటర్ల గది, స్టాఫ్‌కి విడిగా కూర్చుని చదువుకునే చోటు. నాకు కావలసిన సేవ మాత్రం ఆ బోర్డులో లేదు. చదివిన పుస్తకం తిరిగివ్వగానే, తరవాత చదవాల్సింది లైబ్రేరియన్ గారు కౌంటరు కింది అరలోంచి తీసి నా చేతిలో పెట్టేవారు. నా పేరు రాసిన చీటీ, దానిమీద రబ్బరు బ్యాండు. ఆయన అడిగేవారు కాదు, నేను చెప్పేదాన్నీ కాదు. ఇక్కడ తెలుగు లెక్చరర్‌గా చేరినప్పటినుంచీ అంతే.

ఆయన ఈ సెమిస్టరు చివర రిటైరవుతున్నారు. మిగిలిన ఆ కొన్ని పుస్తకాలైనా నాకే దక్కాలని నా ఆశ.

ఒకరోజు పుస్తకం ఇచ్చేసి, అలవాటుగా చెయ్యి చాపాను. అరలో పుస్తకం ఉంది, చీటీ ఉంది, చీటీమీద పేరు నాది కాదు. నా క్లాసులోనే చదివే ఫస్టియర్ అమ్మాయిది. వాళ్ళ నాన్న సుల్తాన్ బజార్లో చీరల కొట్లో గుమాస్తా.

"మీరు షెల్ఫులల్ల చూసుకోండ్రి మేడమ్. మీకు తెల్వనిదేముంది?" అన్నారాయన.

ఒళ్ళు మండిపోయింది. కొత్తొక వింత, పాతొక రోత అని పెద్దలు ఊరికే అన్లేదు. యాభైకి దగ్గరపడ్డ మనిషి ఫస్టియర్ పిల్లమీద కుళ్ళుకోవడమేమిటని మీరనొచ్చు. అనండి. నన్ను ఇన్నేళ్ళూ మేడమ్ అనే పిలిచిన మనిషి దాన్ని "బిడ్డా" అంటుంటే మీరు వినలేదు కదా!

ఆ ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేస్తూ ఆయన కనిపించారు. లైబ్రరీకని అక్కడ ఏరి తెస్తుంటారు. సంచీలోంచి ఒక కథల పుస్తకం తీసి చూపించారు. అట్ట చూడగానే నా ప్రాణం లేచొచ్చింది. ఎన్నాళ్ళనుంచో నేను వెతుకుతున్న పుస్తకం అది.

"గా పిల్ల సంబరపడ్తది మేడమ్" అని సంచీలో పెట్టేసుకున్నారు.

మా లైబ్రరీలో ఒక రూలుంది. విద్యార్థికి పక్కన పెట్టిన పుస్తకాన్నయినా స్టాఫ్ అడిగితే ముందు స్టాఫ్‌కే ఇవ్వాలి. దాన్ని వాడుకునే అవసరం నాకెప్పుడూ రాలేదు. ఆ పుస్తకం అరలోకి చేరిందని తెలిసిన రోజునే వెళ్ళి, పాఠానికి కావాలని చెప్పి అడిగాను. ఆయన నా ముఖంలోకి చూసి, రబ్బరు బ్యాండు తీసి, ఆ పిల్ల చీటీ పక్కన పెట్టి నాకిచ్చేశారు.

గన్‌ఫౌండ్రీలో మా ఇంటికి వెళ్ళగానే చదవడానికి కూర్చున్నాను. పుస్తకం చాలా బాగుంది. బాగున్నకొద్దీ నాకు కోపం ఎక్కువైంది. ఇది నాకోసం ఏరి ఉండాల్సింది కదా!

పూర్తిచేసి కాలేజీకి తెచ్చిన రోజున ఆ పిల్ల స్టాఫ్ రూము గుమ్మంలో నిలబడి ఉంది. పుస్తకం సంగతే అడుగుతుందనుకుని కయ్యానికి సిద్ధపడ్డాను.

"తొందరేం లేదు మేడమ్, మీరు నిమ్మళంగ చదివినాకనే ఇయ్యిండ్రి. సార్ పోతున్నరు కదా, ఇగ ఏం చదవాల్నో మిమ్మల్నే అడగమన్నరు."

"నన్నా?"

"ఔ మేడమ్. మేడమ్‌కు నేను చెప్పేదంత అయిపోయింది, ఇగ ఆమెనే నీకు చెప్తది అన్నరు."

పుస్తకం దాని చేతికిచ్చి, ఏ కథతో మొదలుపెట్టాలో చెప్పాను. అయిపోగానే నా దగ్గరికి రమ్మన్నాను. అది వరండాలోనే పేజీలు తిప్పుకుంటూ వెళ్ళింది.

దాంతో నా అసూయ చల్లారిందనుకుంటే పొరపాటు. ఇంకా పెరిగింది. తరవాత ఏం చదవాలో చెప్పడానికి దానికి నేనున్నాను. నాకెవరున్నారు?