విప్పని కట్టులో కప్ప చర్మం

దయ్యాలున్నాయని నేను ఏనాడూ ఒప్పుకోలేదు. మా తమ్ముడి కేసుషీటు మీద డాక్టరు రాసిన అబద్ధాన్నీ ఒప్పుకోను. ఈ రెండింటి మధ్య ఇరుక్కుని ఇది రాస్తున్నాను.

ఎనభైల చివర్లో మాట. మా తమ్ముడు వెంకన్న తాటిచెట్లెక్కి బతికేవాడు. కల్లు లేని రోజుల్లో ములకలపల్లి వైపు రోడ్డు పనికి వెళ్లి, మరిగే తారు మీద పడి ఎడమ కాలు కాల్చుకున్నాడు. ఖమ్మంలో దవాఖానాలో చేర్చాం. పది రోజులకు మోకాలి మీద పుండు పచ్చబడింది. అదో రకమైన తియ్యటి కంపు. ఏ సూదిమందుకూ లొంగలేదు.

నేనొక తప్పు చేశాను, దాచను. కట్టు విప్పి ఆకు పసరు పోస్తూ పట్టుబడ్డాను. డాక్టరు వార్డంతా వినేలా, "అడవిల ఉండేటోళ్లకు దవాఖానా ఎందుకయ్యా?" అన్నాడు. ఆ మాట నాకింకా అరగలేదు.

అప్పటినుంచి సిస్టరమ్మ కట్టు కట్టాక, విప్పితే తెలిసిపోయేలా, సగం అంటించిన ప్లాస్టరు పట్టీ మీద, సగం గుడ్డ మీద పడేలా సంతకం పెట్టేది. నన్ను లోపలికి రానివ్వలేదు. కిటికీ అవతల నిలబడేవాణ్ణి.

ఒక సాయంత్రం, "రేపు కాలు తీసేస్తం" అన్నారు. కాలు లేని గీత కార్మికుడు ఏ చెట్టెక్కుతాడు?

తెల్లారి కిటికీ దగ్గరికి వెళితే వెంకన్న నవ్వుతున్నాడు. "పొద్దుగాల్ల అమ్మొచ్చింది అన్నా. చల్లగ ఏందో పెట్టిపోయింది."

అమ్మ పోయి అప్పటికి మూడేళ్లు. జ్వరం మాట అనుకున్నాను.

ఆపరేషన్ ముందు సిస్టరమ్మ సంతకం సరిచూసుకుని కట్టు కత్తిరించింది. పచ్చబడిన చోట పలచటి కప్ప చర్మం అతుక్కుని ఉంది. జారకుండా మూలకు రేగుముల్లు గుచ్చి ఉంది. చిన్నప్పుడు మాకు చెయ్యో కాలో కాలితే అమ్మ అలాగే కప్ప చర్మం పరిచి ముల్లు గుచ్చేది. చర్మం కింద పుండు ఎర్రగా, శుభ్రంగా ఉంది. కంపు లేదు.

డాక్టరు కిటికీ దగ్గరికొచ్చి అరిచాడు. "మళ్ల విప్పినవా?"

"సంతకం చూసుకోండి సారూ."

"నాదే సార్, చెదరలేదు" అంది సిస్టరమ్మ మెల్లగా.

కాలు తీయలేదు. కేసుషీటు మీద మాత్రం 'బంధువులు కట్టు విప్పారు' అని రాశాడు. అది కొట్టేయమని ఎన్ని అర్జీలు పెట్టానో.

కొన్నేళ్లకు పేపర్లో ఒక ముక్క పడింది. కప్ప చర్మంలో క్రిముల్ని చంపే చిన్న చిన్న ప్రోటీన్లున్నాయట, కాలిన పుండ్లకు పనికొస్తాయేమో చూస్తున్నారట. కత్తిరించి తీసుకెళ్లి డాక్టరు బల్ల మీద పెట్టాను.

చదివి నవ్వాడు. "అయితే నువ్వే పెట్టినవని ఒప్పుకో. నేనే శభాష్ అంట. ఆ లైను గూడ కొట్టేస్త."

ఒప్పుకోలేదు. చెయ్యని పనికి శభాష్ నాకెందుకు?

వెంకన్న ఆ కాలితోనే ఇప్పటికీ తాటిచెట్లెక్కుతున్నాడు. కప్ప చర్మంలో ఏముందో పేపరు చెప్పింది. సంతకం చెదరకుండా అది కట్టులోకి ఎలా వెళ్లిందో ఎవరూ చెప్పలేదు. నాకు తెలియదు. డాక్టరుకూ తెలియదు. కేసుషీటు మీద ఆ ఒక్క మాటే రాయమంటున్నాను: తెలియదు అని.